యజమానులైన ఉడతలు

ఒక పెద్ద అడవిలో సారపప్పు కాసే చెట్లన్నీ భల్లూకరావు అనే ఎలుగుబంటివి. అంటే, అవి తనవని ఆయనే గట్టిగా అరిచి చెప్పాడు కాబట్టి ఎవరూ కాదనలేదు. గింజలు కొరికి పప్పు తీసేది మాత్రం ఉడతలు. వంద గింజలు కొరికితే ఐదు పప్పులు కూలి.

నూకాలనే ఉడతకు తొర్రలో ముగ్గురు పిల్లలు. నెల తిరిగితే వానలు. ఐదు పప్పులతో వానాకాలం గడవదని దానికి తెలుసు. అందుకే తోటి ఉడతలను కూడగట్టుకుని వెళ్లి ఏడు ఇమ్మని అడిగింది.

భల్లూకరావు నొచ్చుకున్నాడు. "కూలి అడుక్కునే ఖర్మ మీకెందుకమ్మా? ఇవాళ్టి నుంచి మీరూ యజమానులే. తలా ఒక ఆకు ఇస్తాను, దాని మీద నా పంజా గుర్తు ఉంటుంది. లాభం వస్తే ఏడాది చివర వాటా పంచుకుందాం."

"మరి కూలండీ?"

"యజమానికి కూలేమిటి, అసహ్యంగా? చేతి ఖర్చులకు రెండు పప్పులు తీసుకోండి."

ఉడతల సంఘం నాయకుడు కాకి కోటయ్య. ఒక్క గింజ కొరికిన పాపాన పోలేదు. పొద్దున "ఇది కుట్ర" అని అరిచాడు. మధ్యాహ్నం భల్లూకరావు తన పాలకమండలిలో అతనికో కొమ్మ ఇచ్చాడు. సాయంత్రానికి అదే గొంతుతో "ఇది చారిత్రక విజయం" అని అరిచాడు.

నూకాలు ప్రభుత్వం దగ్గరికి పరుగెత్తింది. కార్మిక శాఖ తాబేలు తల బయటపెట్టి, "మీరూ మీరూ ఒప్పుకుంటే మాకు సంతోషం. ఒప్పుకోకపోయినా సంతోషమే" అని తల లోపలికి లాక్కుంది.

నూకాలు ఆకు పట్టుకుని ఇంటికొచ్చింది. పిల్లలు దాన్ని కొరికి ఉమ్మేశారు. నూకాలుకు ఒళ్లు మండింది.

మర్నాడు ఒక్క ఉడతా పనికి దిగలేదు. భల్లూకరావు వచ్చి చూస్తే, ఆయన పడుకునే నీడలోనే అన్నీ కాళ్లు చాపుకుని ఉన్నాయి.

"పనెవరు చేస్తారే?"

"మేమూ అదే అనుకుంటున్నామండీ" అంది నూకాలు. "ఏడేళ్లుగా మిమ్మల్ని చూస్తున్నాం. యజమాని గింజ కొరకడం ఏనాడూ చూడలేదు. మిట్టమధ్యాహ్నం దాకా పడుకుని, లేచి ఎవరినో తిడతాడు. పడుకోవడం వచ్చేసింది. తిట్టడం రేపటి నుంచి నేర్చుకుంటాం."

మూడు రోజులు పిల్లలు అరకడుపుతోనే ఉన్నారు. నూకాలు కదల్లేదు. నాలుగో రోజుకు భల్లూకరావు కొట్టులో పప్పు అడుగంటింది. తనే ఒక గింజ కొరకబోతే పన్ను విరిగింది. దవడ పట్టుకుని వచ్చి, "తల్లీ, మళ్లీ కూలీలు కండి" అని బతిమాలాడు.

"వందకు ఎనిమిది. మొదటి రోజుది ముందే ఇవ్వాలి."

కొట్టు అడుగు ఊడ్చి ఇచ్చాడు. కాకి ఇదీ తన విజయమేనన్నాడు. తాబేలు ఇది ఆదర్శ ఒప్పందమని శాఖ తరఫున అభినందించింది. వాటా ఆకులు పిల్లల కింద పరుపయ్యాయి.

నీతి: ఎవరైనా మిమ్మల్ని యజమానిని చేస్తామంటే కాదనకండి, కాకపోతే ఆ మర్నాటి నుంచి పనికి వెళ్లకండి.