పెద్దక్కకు బీమా దొరికిన వైనం

ఒక పెద్ద అడవిలో కథ మొదలెడితే సింహంతోనే మొదలెట్టాలని ఆనవాయితీ. సింహం వస్తుంది, కంగారు పడకండి. ఈ కథ మాత్రం ఆ అడవిని రెండుగా చీలుస్తూ పారే నది రేవులో, పడవ నడుపుకుని బతికే ఎలుగుబంటి దగ్గర మొదలవుతుంది.

అతని పేరు ఎలుగయ్య. తన మీద తనకు పెద్ద గౌరవమేమీ లేదు. "నాకున్న ఆస్తి రెండే, పడవా ఆకలీను. మొదటిది పాతబడింది గానీ రెండోది ఎప్పటికప్పుడు కొత్తదే" అని పడవెక్కిన ప్రతివాడికీ చెప్పి, వాళ్ళకంటే ముందు తనే నవ్వేవాడు.

పడవ పేరు పెద్దక్క. ఎలుగయ్య తండ్రి టేకు చెక్కతో చేయించాడు. ఎలుగయ్య నడక నేర్చుకుంది దాని అంచు పట్టుకునే. ఇప్పపూలు రాలే రోజుల్లో జింకలూ, కుందేళ్ళూ, పిల్లల తల్లులైన అడవిపందులూ అవతలి గట్టుకు పోవాలంటే పెద్దక్కే దిక్కు. ఎక్కేముందు పడవకు నుదురు ఆనించి "పెద్దక్కా, దాటించు" అనడం ఆ రేవులో ఆచారం. దిగేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఎవరి తొందర వాళ్ళది.

ఇలా ఉండగా నక్క ఒక కొత్త పడవ చేయించింది. బూరుగు చెక్క, నిగనిగలాడే ఎర్ర రంగు, ముందు భాగాన పూలదండలు. ప్రారంభోత్సవానికి అడవి మండలి సభ్యులందరినీ ఎక్కించింది. ఉపన్యాసాలు సగంలో ఉండగానే ఆ పడవ రేవులోనే మునిగింది. నీళ్ళు నడుం లోతే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, పరువుకు తప్ప.

మండలి ఒళ్ళు ఆరకముందే సమావేశమైంది. నక్క లేచి గొంతు సవరించుకుంది.

"అయ్యలారా, ఆలోచించండి. కొత్త పడవే ఇలా మునిగిందంటే, పాత పడవల సంగతేమిటి?"

సభ్యులంతా నిజమే సుమా, అనుకున్నారు. వానాకాలం మొదలయ్యేలోగా ప్రతి పడవకూ బీమా ఉండాలనీ, లేని పడవను నరికి మండలి వంటశాలకు కట్టెలుగా వాడాలనీ అప్పటికప్పుడు తీర్మానించారు. బీమా సంఘానికి అధ్యక్షురాలిగా మొసలి మకరమ్మ గారిని పెట్టారు. ఎవరి పడవ మునుగుతుందా అని ఆవిడ కనిపెట్టుకుని ఉన్నంత శ్రద్ధగా ఇంకెవరూ లేరన్నది అందరూ ఒప్పుకునే మాటే. పడవ గలవాళ్ళు ఏటా బుట్టెడు చేపలు కట్టాలి. ప్రమాదం జరిగితే సంఘం తన చేపల కొట్టు తెరిచి నష్టం ఇచ్చుకోవాలి.

ఎలుగయ్య ఒళ్ళంతా నీళ్ళతో దువ్వుకుని, ఇసుక తిప్ప మీదున్న కార్యాలయానికి వెళ్ళాడు. మకరమ్మ గారు నోరు తెరిచి ఎండ కాగుతున్నారు.

"దండాలండీ మేడం గారూ. పడవకి బీమా కావాలండీ."

"వయసెంత?"

"నాకాండీ?"

"నీకెవరిస్తారయ్యా బీమా! పడవకు."

"మా నాన్న చేయించాడండీ. ఆయన కుర్రతనంలో."

"అంటే ముసలిదన్నమాట."

"మరీ ముసలిదేం కాదండీ. తమకంటే చిన్నదే."

ఆ మాట అన్నాక గానీ ఎలుగయ్యకు తానేమన్నాడో తెలియలేదు. నా నోటికి తిండి పెట్టడమే దండగ, అనుకున్నాడు. మకరమ్మ గారు నోరు మూశారు. ఆవిడ నోరు మూశారంటే మంచి సూచన కాదు.

"కొత్త పడవలను చూడగానే బీమా ఇస్తాం. పాతవాటికి గట్టిదనం పరీక్ష ఉంటుంది. రేపు మా సర్వేయరు వస్తాడు" అన్నారు.

సర్వేయరు ఒక వడ్రంగిపిట్ట, పేరు టక్కయ్య. ఎర్ర కుచ్చు తలపాగాలా నిలబెట్టుకుని మర్నాడు పొద్దున్నే వచ్చి, పడవలో దిగి, అడుగు చెక్కను పొడవడం మొదలెట్టాడు. టకటకటక. ఎలుగయ్యకు తన వీపు మీద పొడుస్తున్నట్టే ఉంది.

"గట్టిగా ఉందాండీ?"

"చాలా గట్టిది. నా ముక్కు నొప్పెడుతోంది. అందుకే ఇంకాస్త లోతుగా చూస్తున్నా."

నాలుగు మూలలా అలా లోతుగా చూశాక టక్కయ్య ఎగిరి గట్టు మీద వాలి తీర్పు చెప్పాడు. "చెక్క మంచిదే. అయితే అడుగున నాలుగు చిల్లులున్నాయి. బీమాకు పనికిరాదు."

"అయ్యా! ఆ చిల్లులు తమరు పెట్టినవే కదండీ!"

"చిల్లు ఉందా లేదా అన్నంతవరకే నా ఉద్యోగం. ఎవరు పెట్టారన్నది వేరే శాఖ."

"ఆ శాఖ ఎక్కడుందండీ?"

"ఇంకా పెట్టలేదు" అని టక్కయ్య తదుపరి పడవను పరీక్షించడానికి ఎగిరిపోయాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఎలుగయ్య పని. చెంపలు వాయించుకుంటూ ఇంటికెళ్ళి పెళ్ళాం జుట్టమ్మతో జరిగిందంతా చెప్పాడు.

"ఏరు దాటి తెప్ప తగలేసే జాతి" అని జుట్టమ్మ మండలిని తిట్టింది. "పుట్టి బుద్ధెరిగాక ఆ పడవెక్కనోడు ఒక్కడున్నాడా ఈ అడవిలో? ఇదిగో చూడు, చిల్లులకు నాలుగు చెక్క మేకులు కొట్టి, అందరినీ రేవుకు పిలువు. ఎదురుగా దాటించి చూపించు. పెట్టినోడెవడో నోరిప్పి చెప్పు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? నా మొహం చూస్తేనే నిజం కూడా అబద్ధంలా కనపడుద్ది."

అలా అని వచ్చి గట్టు మీదికి లాగిన పడవలో కూర్చున్నాడు గానీ, ఆకాశంలో మబ్బులు నల్లగా కమ్ముకొస్తున్నాయి. పెద్దక్కను నరికి పొయ్యిలో పెడతారన్న తలపు రాగానే ఎలుగయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. తండ్రి చేయించిన పడవ, తండ్రి అరచేతుల రాపిడికి నున్నబడిన తెడ్డు. ఎంత బతిమాలినా ఇంకొకటి దొరకదు.

అప్పుడే నక్క చేయించిన మరో కొత్త పడవ ఎదురుగా పోయింది. అదే బూరుగు చెక్క, అదే ఎర్ర రంగు. టక్కయ్య దాని మీద ముక్కయినా ఆనించలేదట. "కొత్తవాటిని పొడవకూడదు, రంగు పోతుంది" అన్నాడట.

ఎలుగయ్య బుర్రలో ఏదో వెలిగింది. అలవాటు లేని పని కావడంతో కాసేపు తల తిరిగింది. పెద్దక్కను కొత్త పడవను చేస్తే? చిల్లులకు మైనం, పైన లక్క, ఆ పైన మోదుగపూల రంగు!

ఇంటికొచ్చి చెప్పగానే, "మైనం ఎక్కడిది?" అంది జుట్టమ్మ.

"తేనెపట్టు నుంచి తీస్తా."

"నీ చేతికి తేనెపట్టా? చేపలకు పిల్లిని కాపలా పెట్టినట్టే ఉంది."

"తేనె వంక చూడనైనా చూడను. ఒట్టు."

మాట నిలబెట్టుకున్నాడు. కళ్ళు మూసుకునే తిన్నాడు. అయితే పట్టులో ఇంకా బోలెడు తేనె మిగిలిపోయింది. దాన్ని పిండి పారబోయాలంటే ఎలుగుబంటి పుట్టుక పుట్టినవాడికి చేతులాడవు. కాసేపు ఊగిసలాడి, పిండకుండానే ముక్కలు చేసి, తేనెతో సహా నాలుగు చిల్లుల్లోనూ కుక్కేశాడు. పైన లక్క పూశాడు, రంగు వేశాడు. చెక్క మీదున్న పెద్దక్క పేరు మాత్రం ఆఖరున గోకాడు. "క్షమించు అక్కా, నాలుగు రోజులే" అని గొణిగి, ఆ చోట 'నవమోహిని' అని రాయించాడు.

మకరమ్మ గారు చూసి మురిసిపోయారు. "ఇదీ పడవంటే! చూడగానే తెలుస్తోంది ఈకాలపు పనితనం. వెనకటి ఆ డొక్కు పడవ ఏం చేశావ్?"

"ఉందండీ. దగ్గర్లోనే ఉంది" అన్నాడు ఎలుగయ్య. అబద్ధం చెప్పకుండా మోసం చేయగలనని అతనికి అప్పుడే తెలిసి, తన మీద తనకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

ఆవిడ అక్కడికక్కడే తోక ముద్ర వేసి బీమా ఇచ్చేశారు. కథ అంతటితో సుఖాంతమయ్యేదే. కానీ కొత్త పడవ అంటే ప్రారంభోత్సవం ఉండాలి కదా. మధ్యాహ్నానికల్లా సాక్షాత్తూ మృగరాజు రేవుకు వేంచేశాడు. పక్కన టక్కయ్య. నదిలో పుట్టి నదిలో పెరిగిన మకరమ్మ గారు సైతం, ఈదుకుంటూ వస్తే హోదాకు తగదని పడవలోనే కూర్చున్నారు.

నది సగం దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఎండ తీవ్రమైంది. లక్క పగిలింది, మైనం మెత్తబడింది. ఎలుగయ్య కాలి దగ్గర బంగారు రంగులో ఒక చుక్క పైకి ఉబికింది.

ఎలుగయ్య తల అటు తిప్పుకున్నాడు. ముక్కు తిరగలేదు. ఒక్క చుక్కే, ఎలాగూ వృథాగా పోతుంది కదా, అనుకుని వంగి నాకాడు. నాలుకకు పని మొదలైందంటే అది యజమాని మాట వినదు. మరుక్షణంలో తేనెపట్టు ముక్క మొత్తం నోట్లో ఉంది. చిల్లులోంచి నీళ్ళు చివ్వున లేచాయి.

చప్పున ఒక పాదం దాని మీద పెట్టాడు. ఇంతలో రెండో చిల్లులోని ముక్క మెత్తబడి దానంతటదే ఊడి తేలింది. తేలినదాన్ని వదిలేస్తే రాజుగారు చూస్తారు. అందుకని అదీ తిన్నాడు. రెండో పాదం అక్కడ పెట్టాడు. మూడోదానికి ఒక చెయ్యి, నాలుగోదానికి ఇంకో చెయ్యి. నాలుగు మూలలకూ కాళ్ళూ చేతులూ చాచి, బోర్లా పడుకుని, నోటినిండా తేనెతో ఉన్న పడవవాడిని అంతవరకూ ఆ నది చూసి ఉండదు.

"పడవ ఎందుకాగింది?" అన్నాడు మృగరాజు.

"దృశ్యం... దృశ్యం బాగుంటుందండీ ఇక్కడ. చూడండి మహారాజా" అన్నాడు ఎలుగయ్య ముద్దముద్దగా.

మహారాజు దృశ్యం చూశాడు. ఆయన తోక నీళ్ళలో నానుతోంది. పడవ ప్రవాహానికి అడ్డం తిరిగింది, అంచు మీంచి ఒక అల లోపలికి దూకింది. అదురుకు ఎలుగయ్య చేతులు జారాయి, నాలుగు చిల్లులూ ఒక్కసారి నోళ్ళు తెరిచాయి. టక్కయ్య చటుక్కున గాల్లోకి లేచాడు. రెక్కలున్న ఉద్యోగి కనుక ఆయనకు బాధ లేదు.

ఎలుగయ్యకు ఇక దాచడం చేతకాలేదు. "మహారాజా, తప్పయిపోయింది! ఇది కొత్త పడవ కాదండీ, మా పెద్దక్కే. దాని తప్పేం లేదు. చిల్లులు సర్వేయరు గారు పెట్టారు, వాటిని నేను తిన్నాను. నరకాలంటే నన్ను నరకండి, దాన్ని పొయ్యిలో పెట్టకండి!" అని భోరుమన్నాడు.

మకరమ్మ గారి మొహం పాలిపోయింది. ఆవిడ ఆలోచన వేరే. పొద్దున్నే ముద్ర వేశారు. బీమా ఉన్న పడవలో రాజుగారు పోతే చేపల కొట్టు మొత్తం ఊడ్చి ఇచ్చినా చాలదు. హోదా సంగతి మరిచి ఆవిడ నీళ్ళలోకి దూకారు. అంచులదాకా నీళ్ళు నిండినా టేకు చెక్క అడుక్కి పోకుండా తేలుతూనే ఉంది. దాన్ని ముట్టెతో నెట్టుకుంటూ, రొప్పుకుంటూ, జూలు తడిసి పిల్లిలా అయిన మృగరాజుతో సహా గట్టుకు చేర్చారు.

గట్టు మీద నక్క సిద్ధంగా ఉంది. "చూశారా? పాత పడవలు ప్రమాదమని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."

మండలి మళ్ళీ తడి ఒంటితోనే సమావేశమైంది. ఎలుగయ్య పెద్దక్క అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. జుట్టమ్మ పక్కనే నిలబడి, ఎవరైనా గొడ్డలి తెస్తే చూద్దామన్నట్టు చూస్తోంది.

మకరమ్మ గారికి పెద్ద చిక్కే వచ్చింది. ఇది పాత పడవ అంటే, కొత్తదనుకుని ముద్ర వేసిన తప్పు తనది. కొత్త పడవ అంటే, రాజుగారి జూలుకు నష్టపరిహారం తనది. ఆఖరికి ఇలా తేల్చారు.

"మహారాజా, ఇది పాతదీ కాదు, కొత్తదీ కాదు. మునిగిన పడవ. మునగని పడవ ఎప్పుడు మునుగుతుందోనని మాకు భయం. దీనికి ఆ భయం తీరిపోయింది. చేయగలిగిన నష్టం చేసేసింది. ఇంతకంటే నమ్మకమైన పడవ ఇంకోటి ఉండదు. బీమా అలాగే కొనసాగిస్తున్నాం."

సభలో చప్పట్లు మోగాయి. మృగరాజు తుమ్మి, తల ఊపాడు.

"ఒక్క షరతు" అన్నారు ఆవిడ. "ఈ ఎలుగుబంటి మాత్రం దీంట్లో తెడ్డు పట్టకూడదు. పడవకైతే బీమా ఇవ్వగలం గానీ ఆ నాలుకకు ఇవ్వలేం."

ఎలుగయ్య ఒక్క క్షణం తెడ్డు వంక చూశాడు. లేచి, తెడ్డును జుట్టమ్మ చేతిలో పెట్టాడు. "మేడం గారు అన్నదాంట్లో తప్పేం లేదే. నా పడవలో నేనైనా నన్ను ఎక్కించుకోను" అన్నాడు.

చిల్లులకు టేకు మేకులు దిగాయి. పెద్దక్క పేరు మళ్ళీ చెక్క మీదికి వచ్చింది. జుట్టమ్మ పడవ నడుపుతోంది, ఎలుగయ్యకంటే బాగానే. ఎలుగయ్య గట్టు మీద నిలబడి పడవను నీళ్ళలోకి నెట్టి, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తాడు.

ఖాళీగా ఏమీ లేడు. ఎగువ రేవుల నుంచీ దిగువ రేవుల నుంచీ పాత పడవల వాళ్ళంతా సలహా కోసం అతని దగ్గరికే వస్తున్నారు. మకరమ్మ గారు చూస్తుండగా, మోకాలి లోతు నీళ్ళలో, చెక్క దెబ్బతినకుండా పడవను ఎలా ముంచాలో ఎలుగయ్య దగ్గరుండి నేర్పుతున్నాడు. వానలు పడే వేళకు రేవులో పాత పడవలన్నీ వరసగా మునిగి, వరసగా బీమా పుచ్చుకున్నాయి.

నీతి లేనిదే ఇంటికి పోమనేవాళ్ళకు ఎలుగయ్య చెప్పేది ఒకటే మాట: తేలుతున్నన్నాళ్ళూ నిన్నెవరూ నమ్మరు, ముందు అందరూ చూస్తుండగా ఒకసారి మునుగు.