ఇరవై మూడు అజీర్ణాలు

ఆ సోమవారం హెల్త్ ఇన్‌స్పెక్టరు దయానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తాలూకా ఆఫీసుకు రిపోర్టు పంపాలి, మందు రాగానే జాలరి పాలెంలో అందరికీ కలరా సూదులు వేయాలి. కాలవ నీళ్లు తాగే ఆ పాలెంలో అప్పటికే పదకొండు మందికి వాంతులు, విరేచనాలు.

"మా ఆయన వేటకెళ్లిపోతాడు బాబూ, ముందు ఆయనకెయ్యండి" అని ఎల్లమ్మ ముందే చెప్పిపెట్టింది.

"మందు రానీ ఎల్లమ్మా, మొదటి సూది సూరయ్యకే" అని మాటిచ్చాడు దయానందం.

రిపోర్టు ఊరు దాటకముందే పంచాయతీ ప్రెసిడెంటు అంకమ్మరావు గారి నుంచి కబురొచ్చింది. వచ్చే నెలలో మంత్రిగారి చేత మంచినీళ్ల ట్యాంకు ప్రారంభింపజేసి, దానిమీద తన పేరు చెక్కించుకుని, దివిసీమ చరిత్రలో నిలిచిపోవాలని ఆయన కోరిక.

"కలరా అని రాశారటగా?"

"కలరాయేనండి."

"కలరా ఉన్న ఊళ్లో మంత్రిగారు అడుగు పెడతారా? అజీర్ణం అని రాయండి. అన్నట్టు, మీ ఆవిడ సువార్తమ్మగారు నిండు నెలలతో ఉన్నారటగా? ఇప్పుడు బదిలీ అంటే ఎంత ఇబ్బంది!"

అంతకుముందు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఇలాంటి పరామర్శ తర్వాతే మూటాముల్లె సర్దుకున్నారు. దయానందం భయపడ్డాడు. భయపడి రాశాడు. ఆ రాతకు అతన్ని క్షమించడం నాకు చేతకాదు.

ఆఫీసు పద్ధతి ఆఫీసుది. కాగితంలో ఏ జబ్బు ఉంటే ఆ జబ్బుకే మందు. ఆరో రోజున సూదిమందుకు బదులు రెండు డబ్బాల అరుగుదల పొడి దిగింది. అప్పటికి రోగులు ఇరవై మూడు మంది. అందులో సూరయ్య ఒకడు. ప్రెసిడెంటుగారి మాట ప్రకారం ఇరవై మూడు అజీర్ణాలని మరో రిపోర్టు వెళ్లింది. ఒక్క పాలెంలో ఇంతమందికి ఒక్కసారే అరక్కపోవడమేమిటి, అసలేం తిన్నారు అని పైవాళ్లకు అనుమానం వచ్చింది. తిండిలో కల్తీ ఉందేమో చూడమని ప్రకాశరావు అనే ఆఫీసరును బందరు నుంచి పంపారు.

"ఈమధ్య అందరూ కలిసి ఎక్కడైనా భోంచేశారా?" అని అడిగాడాయన.

ఎల్లమ్మ అబద్ధమాడే మనిషి కాదు. "ట్యాంకుకి శ్లాబేసిన్నాడు ప్రెసిడెంటుగారు పాలెమంతటికీ పులిహోర పెట్టారండి. కడుపునిండా తిన్నాం."

గంటలో ప్రెసిడెంటుగారి బియ్యం మిల్లుకు సీలు పడింది. ఎన్నికలు చూస్తే ముందున్నాయి. పులిహోరలో విషం కలిపాడన్న మాట సాయంత్రానికి గుడివాడ దాకా పాకింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని లబలబలాడుతూ ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"నా పులిహోరకేం రోగమండీ? అది కలరా! ఏమండీ దయానందంగారూ, చెప్పరేం?"

"మీరే అజీర్ణమన్నారు కదండి."

"నేను డాక్టర్నా? కలరా అని రాయండి, నేనే సంతకం పెడతాను!"

పెట్టాడు. మర్నాడే జీపులో సూదిమందూ, బ్లీచింగు పొడీ వచ్చాయి. దయానందం గడపగడపకూ తిరిగి సూదులు వేశాడు. ఎల్లమ్మ ఇంటి ముందు మాత్రం తలెత్తలేకపోయాడు. సూరయ్య అప్పటికే పోయాడు. ఆమె సూదికి చెయ్యి చాపింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

రెండేళ్లకు అంకమ్మరావుగారు పదవి దిగిపోయినప్పుడు పెద్ద సన్మానసభ జరిగింది. ఒక్క సంతకంతో కలరాను తరిమికొట్టిన మహానుభావుడని వక్తలు పొగిడారు. పాలెం తరఫున రెండు మాటలు చెప్పమని ఎల్లమ్మను ముందుకు తోశారు.

"సూదిమందు ప్రెసిడెంటుగారే తెప్పించారండి" అంది. చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా ఆగి, "మా ఆయన పోయిన నాలుగోనాడు" అంది.

మినిట్సు పుస్తకంలో మొదటి మాట ఒక్కటే రాశారు.