పొద్దుట్నుంచి మూగ

ఆ రోజు పొద్దున గంట అనే అమ్మాయి పెట్టుకున్న పని ఒక్కటే. తన పాట వంతు వచ్చేదాకా నోరు విప్పకూడదు. పదహారేళ్ల ఆ పిల్లకి అంతకన్నా కష్టమైన పని ఇంట్లో ఎవరూ ఎన్నడూ అప్పజెప్పలేదు. గంట ఆమె అసలు పేరు కాదు. మాట్లాడటం మొదలుపెడితే వీధి చివరిదాకా వినిపిస్తుందని తండ్రి ముద్దుగా పెట్టిన పేరు. అసలు పేరు బడి హాజరులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

చర్చి సంఘం వార్షిక మహాసభల్లో యువజన బృందం పాడే పాటలో మధ్య చరణం ఒక్కరే పాడాలి. నిరుడు ఆ చరణం కార్యదర్శిగారి అమ్మాయికి వెళ్లింది. అంతకుముందు ఏడూ ఆ అమ్మాయికే. ఈసారి పాటల మాస్టారు గుండె చిక్కబట్టుకుని గంటకి ఇచ్చారు. ఆ సంతోషంలో ఆ పిల్ల స్నానాలగదిలో, మెట్ల మీద, బస్సులో ఎడాపెడా సాధన చేసి, సరిగ్గా సభల నాటికి గొంతు పాడుచేసుకుంది. డాక్టరు చూసి, పాడే వేళ దాకా ఒక్క మాట కూడా మాట్లాడకపోతే పాడగలదని, మాట్లాడితే తన పూచీ లేదని చెప్పాడు. మాస్టారు ఇంకో మాట కలిపారు. బొంగురు వినిపిస్తే చరణం కార్యదర్శిగారి అమ్మాయికి ఇచ్చేస్తానన్నారు. దాంతో గంట నోటికి తాళం పడింది.

గంట తల్లి బట్టలు కుడుతుంది. బృందం వేసుకునే తెల్ల గౌన్లన్నీ ఆమె కుట్టినవే. సగం గౌన్లకి ఇంకా అంచులు మడవాల్సి ఉండటంతో, హాలు దగ్గర బస్సు దిగగానే మూట చంకన పెట్టుకుని వెనక తలుపు వైపు పరుగెత్తింది. పోతూ పోతూ, ముందు తలుపు దగ్గర బ్యాడ్జీ తీసుకుని వెనక్కి వచ్చేయమని కూతురికి చెప్పింది. ఇందులో తిరకాసు ఏముంటుందని ఇద్దరూ అనుకోలేదు.

బ్యాడ్జీలిచ్చే బల్ల వెనక ఒక వాలంటీరమ్మ కూర్చుని ఉంది. మంచి మనిషి. ఆ రోజు జరిగిన అనర్థమంతా ఆ మంచితనంతోనే మొదలైంది. పేరేమిటని అడిగింది. గంట గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఏ ఊరి సంఘమని అడిగింది. గంట మళ్లీ గొంతు చూపించి, నోటి మీద వేలు పెట్టుకుంది. వాలంటీరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. రాసి చూపిద్దామని గంట బల్ల మీది పెన్ను అందుకోబోతే, ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని నిమిరి, పసుపుపచ్చ బ్యాడ్జీ ఒకటి తీసి పిల్ల భుజానికి తగిలించింది. తర్వాత తానే చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లి, వేదిక ముందు వరుసలో కూర్చోబెట్టింది.

అది ప్రత్యేక ప్రార్థన కోరి వచ్చిన వాళ్ల వరుస. చక్రాల కుర్చీలో ఒక ముసలాయన, కళ్లు కనపడని ఒకావిడ, చివర కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి ఉన్నారు. గంట లేచి వెనక తలుపు వైపు వెళ్లబోయింది. వరుస చివర నిలబడ్డ వాలంటీరమ్మ భయపడొద్దని బుజ్జగించి మళ్లీ కూర్చోబెట్టింది. గంట లేచినప్పుడల్లా ఆవిడ అంతకంటే ప్రేమగా కూర్చోబెట్టింది. ఒక్క మాట చెబితే తేలిపోయేదే. కానీ ఆ ఒక్క మాటకి చరణం పోతుందేమోనని గంట పళ్లు బిగించుకుంది.

పక్కనున్న కళ్లజోడు పిల్ల చేతులతో ఏదో అడిగింది. గంటకి అర్థం కాలేదు. ఆ పిల్ల ఫోను తీసి, తాను వినికిడి లేని పిల్లల బడిలో చదువుతున్నానని, నువ్వే బడి అని టైపు చేసి చూపించింది. గంట ఆ ఫోను లాక్కున్నంత పనిచేసి, తనకి మాటలొచ్చని, గొంతు బాగాలేదని, పాట పాడాలని, ఈవిడ కదలనివ్వడం లేదని గబగబా కొట్టింది. కళ్లజోడు పిల్ల చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. అలాంటి వరుసల్లో ఆ పిల్ల చాలాసార్లు కూర్చుంది. నవ్వు రావడం మాత్రం అదే మొదటిసారి.

అంతలో తెర తొలిగి, యువజన బృందం తెల్ల గౌన్లలో ప్రత్యక్షమైంది. గంట కోసం మాస్టారు హాలు వెనక అంతా వెతికించి, ఇక లాభం లేదని పాట మొదలుపెట్టించారు. మధ్య చరణం వచ్చేసరికి కార్యదర్శిగారి అమ్మాయి ఒకడుగు ముందుకేసి గొంతెత్తింది. గంట దిగ్గున లేచి నిలబడి ఆపమని అరిచింది. అరిచాననుకుంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

కళ్లజోడు పిల్లకి జాలేసింది. వాలంటీరమ్మ దగ్గరికి వెళ్లి, గంటని చూపించి, నోరు చూపించి, వేదిక చూపించి, తనను కాదన్నట్టు చెయ్యి ఊపి, ఆమెను పైకి పంపమని సైగ చేసింది. ఈమె మాట్లాడుతుంది, పాడుతుంది, నాతో ఈమెకి పోలిక లేదు, పంపండి అని దాని అర్థం. వాలంటీరమ్మకి ఇంకోలా అర్థమైంది. చేతులు జోడించి వేదిక పక్కకి పరుగెత్తి, ఒక మూగపిల్ల తన వంతు ప్రార్థన ఇంకో మూగపిల్లకి ఇచ్చేసిందని కార్యదర్శిగారికి చెప్పింది. కార్యదర్శిగారు ముఖ్య ప్రసంగికుడి చెవిలో వేశారు. పాట అయిపోగానే ప్రసంగికుడు ఆ సంగతి మైకులో చెప్పి, గంటని పైకి పిలిచారు.

ఈసారి వాలంటీరమ్మ అడ్డుపడలేదు సరికదా, వెనకనుంచి తోసింది. ప్రసంగికుడు తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. మధ్యలో రెండుసార్లు మాట మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చారు. ఆయన కూడా నిజంగానే నమ్మారని గంటకి తెలిసిపోయింది. దాంతో కోపపడాలో భయపడాలో తెలియలేదు. ప్రార్థన ముగించి ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. పోయిన చరణం ఎలాగూ పోయింది. గంట గొంతు కూడగట్టుకుంది.

"నాకు మాటలొచ్చు. పొద్దున గొంతు పట్టేసింది, అంతే. నా చరణం ఆ అమ్మాయి పాడేసింది."

మొదటి రెండు మాటలే హాలుకి వినిపించాయి. అవి కూడా మాటలొచ్చు అని కాదు, మాటలొచ్చాయని. ఆ తర్వాత లేచిన కేకల్లో, చప్పట్లలో, ఏడుపుల్లో మిగతాదంతా కొట్టుకుపోయింది. ముందు వరుసలో కళ్లజోడు పిల్ల ఒక్కతే కదలకుండా గంట మూతినే చూస్తూ కూర్చుంది.

ఆ గోలకి గంట తల్లి సూది చేత్తో పట్టుకునే వేదిక మీదికి వచ్చింది. ఈ బిడ్డ నీకేమవుతుందని కార్యదర్శిగారు అడిగారు. నా కూతురేనని చెప్పింది. ఎప్పట్నుంచి మాట లేదని అడిగారు.

"పొద్దుట్నుంచే అండీ," అంది.

"పుట్టుకనుంచే," అని కార్యదర్శిగారు మైకులో ప్రకటించారు.

పుట్టుకనుంచి కాదండీ, పొద్దుట్నుంచి అని ఆవిడ ఇంకోసారి చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. జనాన్ని చూసి, కూతుర్ని చూసి, మూడోసారి చెప్పబోయి ఊరుకుంది.

తర్వాత వెనక గదిలో నిజం బయటపడింది. పాటల మాస్టారు లోపలికి వస్తూనే గంటని చూసి, పొద్దుట్నుంచి ఎక్కడ చచ్చావని తిట్టారు. కార్యదర్శిగారు తలుపు వేసి, కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి తేరుకుని మెల్లగా మాట్లాడారు. హాల్లో వాళ్లంతా ఇప్పటికే ఇళ్లకి ఫోన్లు చేసేశారని, ఇప్పుడు కాదంటే చిన్న మనసులు విరిగిపోతాయని, ప్రార్థన చేసిన పెద్దాయనకి గుండె జబ్బు కూడా ఉందని చెప్పుకొచ్చారు.

"అయితే నన్ను అబద్ధం చెప్పమంటారా?" అంది గంట.

"అబద్ధం ఎందుకమ్మా? నిజం చెప్పొద్దంటున్నాను, అంతే."

ఇంకో సంగతి కూడా ఉందన్నారు. సాయంత్రం సభలో ఆ పాట మళ్లీ ఉంది. ఇప్పుడిప్పుడే మాటలొచ్చిన పిల్ల రాగం తీస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఏమంటావమ్మా అని తల్లిని అడిగారు. వచ్చే ఏటి గౌన్ల సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. తల్లి చేతిలో ఉన్న గౌను అంచు చివర దారం పంటితో తెంపింది.

"ఆ అమ్మాయి చేతే పాడించండి," అంది తల ఎత్తకుండా.

గంట ఆ గదిలోంచి బయటికి నడిచింది. పెరట్లో కుళాయిల దగ్గర కళ్లజోడు పిల్లని ఆమె తల్లి భుజాలు పట్టుకుని కుదిపేస్తోంది. లాండ్రీలో ఇస్త్రీ పని చేసే మనిషి. సెలవు దొరకక, రాత్రి పని ముగించుకుని నేరుగా ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి కూతురు తన వంతు ఇంకొకరికి ఇచ్చేసిందని, వాళ్లకి మాటలొచ్చాయని జనం చెప్పారు.

"నీ వంతు నువ్వెందుకిచ్చావే? నిన్నెవరడిగారే?" అని ఆవిడ నోటితోనూ చేతులతోనూ అడుగుతోంది.

గంట దగ్గరికి వెళ్లి, తాను మూగది కాదని, గొంతు నొప్పి మాత్రమేనని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ గంట రెండు చేతులూ పట్టుకుంది. ఇస్త్రీ పెట్టెతో గట్టిపడిన వేళ్లు.

"నీకు దొరికింది కనక అలా అంటున్నావు తల్లీ. పోనీలే. నువ్వు పైన ఏం మొక్కుకున్నావో అదొక్కటి చెప్పు, మా పిల్ల చేత మొక్కిస్తాను."

ఏమీ మొక్కుకోలేదని గంట ఏడుస్తూ చెప్పింది. ఏడుపుకి ఆవిడ నమ్మకం ఇంకా గట్టిపడింది. అప్పుడు కళ్లజోడు పిల్ల ఫోను తీసి టైపు చేసి ఇద్దరికీ చూపించింది. తాను వరుసలో కూర్చుని ఈమె పెదాలు చదివానని, పొద్దున గొంతు పట్టేసిందని, తన చరణం ఆ అమ్మాయి పాడేసిందని ఈమె చెప్పిందని అందులో ఉంది. గంట తలూపింది. ఆ తల్లి ఆ అక్షరాలని రెండుసార్లు చదివింది. ఫోను కూతురికి తిరిగిచ్చి, ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా, కూతురి భుజం మీది పసుపు బ్యాడ్జీ సరిచేసింది. మధ్యాహ్నం ప్రార్థనకి ముందే వెళ్లకపోతే చోటు దొరకదంటూ ఆ పిల్లని లోపలికి తీసుకెళ్లింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి గంటని చూస్తూ తల్లి వెంట నడిచింది.

గంట బృందం దగ్గరికి వెళ్లలేదు. ముందు వరుసకి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. వాలంటీరమ్మ పరుగున వచ్చి, బాగైనవాళ్లు ఇక్కడ కూర్చోకూడదమ్మా, లే అంది.

"నేను లేవను. ఈ అమ్మాయి నాకు స్నేహితురాలు," అంది గంట. గొంతు కొంచెం తెరుచుకుంది. ప్రతి అక్షరం గట్టిగా, స్పష్టంగా వచ్చింది.

వాలంటీరమ్మ ఆ స్పష్టతకి పరవశించిపోయి, వినడానికి ఇంకో నలుగురిని పిలుచుకొచ్చింది. వాళ్లు గంట చుట్టూ నిలబడి ఇంకో మాట అనమన్నారు. గంట అంది. అది సభలో అనాల్సిన మాట కాదు. అయినా వాళ్లు చప్పట్లు కొట్టారు. కళ్లజోడు పిల్ల మాత్రం ఆ మాట పెదాల మీద చదివి, తల్లి చూడకుండా తల వంచుకుని నవ్వుకుంది.

ఆ ఏడాది మహాసభలు చాలా బాగా జరిగాయని అందరూ చెప్పుకున్నారు.