ఆమెన్ అన్నప్పుడల్లా

ఆ శనివారం ఇజ్రాయేల్ గారు వేసుకున్న ఏర్పాటు చాలా సులువైనది. ప్రార్థన, బీపీ మాత్ర, చాయ్, ఆ తర్వాత అబిడ్స్‌లో క్రిస్మస్ పాటల పోటీ. గన్‌ఫౌండ్రీలోని ఓ చిన్న చర్చి క్వయిర్‌కు ఆయనే నాయకుడు. మనిషి బంగారమే గానీ ఓపిక నిల్లు. ఆయన చెయ్యి ఊపితే చాలు, పాడేవాళ్లు నాంపల్లి స్టేషన్‌లో కదిలే రైలు వెంట పడ్డట్టు పరుగెత్తేవారు. ఏటా ఆఖరి స్థానమే. ఈసారీ అంతే అయితే క్వయిర్‌ను వేరేవాళ్లకు అప్పగిస్తామని సంఘ పెద్దలు తేల్చేశారు. ఆ మాట విన్నప్పటి నుంచీ పాపం ఆయనకు ముద్ద దిగడం లేదు.

మాత్ర మర్చిపోతున్నాడని భార్య డోర్కాస్ ఆయనకు ఒక అలవాటు చేసింది. ఆమెన్ అనగానే మాత్ర, మాత్ర వెనకే చాయ్. ఆ రోజూ అలాగే అయింది. అంతలో బామ్మర్ది దేవప్రసాద్ వచ్చాడు.

"బావా, ఇయ్యాల గెలవాలె. జర ప్రార్థన చేస్త."

ఆమెన్ అన్నారు. చాయ్ వచ్చింది. అతను ఇంకా మెట్లు దిగకముందే పక్కింటి కేథరిన్ ఆంటీ వచ్చి, ఆదాము నుంచి మొదలుపెట్టి అందరినీ తలుచుకుంటూ ప్రార్థించింది. మళ్లీ ఆమెన్, మళ్లీ చాయ్.

ఆటో ఎక్కబోతూ ఇజ్రాయేల్ గోడ పట్టుకున్నాడు.

"ఏందండీ, గిట్లా తూలుతున్నరు? గోలీ ఏసుకున్నరా?" అంది డోర్కాస్.

"ఔ. ఆమెన్ అన్నప్పుడల్లా ఏసుకున్న."

డోర్కాస్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆటోను నాంపల్లిలోని డాక్టర్ సోమయాజులు దగ్గరికి తిప్పించింది. ఆయన సెలైన్ పెట్టి, "బీపీ బాగా పడిపోయింది. సాయంత్రం దాకా మంచం దిగకూడదు" అన్నాడు.

"సార్, నేను పోకుంటే నా క్వయిర్ పోతది" అంటూ ఇజ్రాయేల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. డాక్టర్ ససేమిరా అన్నాడు. మధ్యాహ్నానికి మనిషి కాస్త తేరుకున్నాక మాత్రం మెత్తబడ్డాడు.

"నిలబడనంటేనే. నేనూ వస్తాను" అని బీపీ మిషను చంకన పెట్టుకున్నాడు.

ఈలోగా దవాఖాన కబురు పోటీ హాలుకు పాకింది. దేవప్రసాద్ నోట అది గుండెపోటయింది. కేథరిన్ ఆంటీ శోకాలు మొదలుపెట్టింది. ఎవరో పూలదండకు కూడా పురమాయించారు. అప్పుడు ఇజ్రాయేల్ కుర్చీలో ఊరేగుతూ దిగాడు. క్వయిర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

పాట మొదలైంది. ఆయన చెయ్యి లేవనంటే లేవనంది. లేచింది కాస్తా నిదానంగా దిగింది. పాడేవాళ్లు దాని కోసం ఆగారు, ఊపిరి తీసుకున్నారు, గుండెనిండా పాడారు. ఆ పాటలో ఇన్ని మాటలున్నాయని వాళ్లకే అప్పుడు తెలిసింది. హాలంతా లేచి నిలబడింది. మొదటి బహుమతి!

"గింత ఓపిక యాడ నేర్చినవయ్యా?" అంటూ సంఘ పెద్దలు ఆయన చేతులు పట్టుకున్నారు. బతికున్నంతకాలం క్వయిర్ ఆయనదేనని అక్కడికక్కడే ప్రకటించారు. ఇజ్రాయేల్ బహుమతి కప్పును గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

డాక్టర్ కంగారుగా ఆయన చేతికి పట్టీ చుట్టి చూశాడు.

"అమ్మా, బీపీ మళ్లీ ఎక్కువైంది."

"దేవునికి స్తోత్రం!" అంది డోర్కాస్.

తన వైద్యానికి ఇలాంటి మెప్పు దొరకడం సోమయాజులుకు అదే మొదటిసారి.