రుమాలున్న సింహాసనం

ఆదివారం పొద్దున్నే రాఘవేందర్ అద్దం ముందు నిలబడి రాజులా కనుబొమలెత్తడం సాధన చేస్తున్నాడు. కరెంటాఫీసులో గుమాస్తా అయిన ఆయనకు చిక్కడపల్లి నాటక సమాజంలో మొదటినుంచీ భటుడి వేషమే గతి. ఈసారి తానే నాటకం రాసి, తానే దర్శకుడై, రాజుగారికి రెండు పేజీల స్వగతం కూడా రాసుకున్నాడు. ఆ రోజు పది గంటల ప్రదర్శన చూడటానికి నాటక పరిషత్తు కార్యదర్శి వీరరాఘవరావు వస్తున్నారు. ఆయనకు నచ్చితే పరిషత్తు పోటీల్లో రాజు వేషం ఖాయం.

"డైరెక్టర్ మీరే కద. రాజును నేనే అంటే అయిపోతుండె," అంది భార్య దమయంతి.

"గట్లంటే స్వార్థం అంటరు. ప్రయోగం అంటే ఎవ్వరేం అనరు."

ప్రయోగం ఇదీ. రంగస్థలం మీద గుండ్రంగా నాలుగు కుర్చీలు: రాజు, మంత్రి, షావుకారు, దొంగ. తనతో కలిపి ఐదుగురు నటులు చుట్టూ తిరుగుతారు. హార్మోనియం ఆగగానే ఏ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఆ మనిషే. కుర్చీ దొరకనివాడు ప్రజ. "నువ్వెవరో పాటే తేలుస్తుంది" అని కరపత్రాల్లో అచ్చేయించాడు. పాట ఎక్కడ ఆగాలో మాత్రం హార్మోనియం వాయించే కుమారస్వామికి ముందే చాయ్ తాగించి చెప్పి పెట్టుకున్నాడు.

హాలు గ్రంథాలయం పక్క సందులో ఉంది. ఆ రోజు గ్రంథాలయానికి సెలవు. ఆ సంగతి తెలియక అశోక్‌నగర్ హాస్టళ్ళ నుంచి పోటీ పరీక్షల పుస్తకాలతో వచ్చిన నలుగురు కుర్రాళ్ళకు హాలు తలుపు తెరిచి ఉండటం కనిపించింది. లోపల తిరుగుతున్న ఫ్యాను, దాని కింద నాలుగు ఖాళీ కుర్చీలు. తలా ఒక రుమాలు పరిచి, నారాయణగూడ వైపు టిఫినుకు వెళ్ళారు. ఆ పేటలో రిజిస్ట్రీ అయిన ప్లాటునైనా కబ్జా చేస్తారేమో గాని, రుమాలు వేసిన సీటు జోలికి ఎవరూ పోరు.

తెర లేచింది. రుమాళ్ళు చూసి నటి మంజుల ఇదేదో ప్రతీక అనుకుంది. మిగతావాళ్ళకూ అనుమానం వచ్చింది గాని, అడిగితే తెలివితక్కువవాళ్ళమనుకుంటారని ఊరుకున్నారు. రాఘవేందర్ ధ్యాసంతా స్వగతం మీదే ఉంది. సరిగ్గా ఆయన సింహాసనం ముందుకు రాగానే కుమారస్వామి మాట నిలబెట్టుకున్నాడు. రాఘవేందర్ దర్జాగా వంగాడు. రుమాలు కనిపించింది. ఏళ్ళ తరబడి సిటీ బస్సుల్లో తిరిగిన శరీరం మరి, ఆ వంగడం వంగడంలోనే ఆగిపోయింది.

"కూసోండ్రి, ఏం చూస్తున్నరు," అని నటులను గుసగుసగా అదిలించాడు.

"రుమాలున్నది కదన్న. ఎట్ల కూసుంటం?" అంది మంజుల.

అంతలో కుర్రాళ్ళు రానే వచ్చారు. జనాన్ని చూసి రీడింగ్ రూమ్ ఇక్కడికి మారిందనుకుని, తిన్నగా స్టేజీ ఎక్కి ఎవరి రుమాలు వాళ్ళు తీసి కూర్చున్నారు. సింహాసనం శ్రావణ్ అనే కుర్రాడికి దక్కింది.

"తమ్ముడూ, లే. అది నా సీటు," అన్నాడు రాఘవేందర్ పళ్ళ బిగువున.

"రుమాలు నాదన్న. పొద్దుగాలనే ఏసిన."

"రుమాలు ఆ పిలగానిదే. కూసోనియ్యండి," అని ప్రేక్షకులు తీర్పు చెప్పారు. కుమారస్వామి కంగారుగా మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. కుర్రాళ్ళు లేవలేదు సరికదా, పుస్తకాలు తెరిచారు. రాఘవేందర్ రాసుకున్న నియమం ప్రకారం నటులు ఐదుగురూ ప్రజలైపోయారు.

దిక్కు తోచక మంజుల చేతులు జోడించింది. "ప్రభూ, మా గల్లీల నల్లా నీళ్ళు వస్తలేవు."

"జర ఆగండి మేడం. ఈ చాప్టర్ అయిపోనీయండి," అన్నాడు శ్రావణ్ తలెత్తకుండా.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మంత్రి పేజీ తిప్పాడు, మళ్ళీ చప్పట్లు. షావుకారు, దొంగ ఒకే పుస్తకం పంచుకున్నారు, ఈలలు. రాఘవేందర్ మాత్రం రెండు పేజీల స్వగతంతో ప్రజల్లో ఒకడై నిలబడ్డాడు.

నాటకం అయ్యాక వీరరాఘవరావు శ్రావణ్ భుజం తట్టారు. "ప్రజలను ఇంత సహజంగా పట్టించుకోని రాజును నేనెక్కడా చూడలేదు. పోటీలలో నువ్వే వెయ్యాలి."

"గ్రూప్ టూ ఉంది సార్. నాకు కుదరదు," అని శ్రావణ్ పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

కార్యదర్శి రాఘవేందర్ వైపు తిరిగారు. "అయితే రాజు మీరే. ఇది ఇట్లాగే ఉండాలి, ఒక్క మాట కూడా కలపవద్దు."

రాఘవేందర్ ఇంటికొచ్చి, రాజు వేషం తనదేనని, స్వగతం మాత్రం పోయిందని, ఆ రాజుకు మిగిలింది "జర ఆగండి" అన్న ఒక్క ముక్కేనని దమయంతికి చెప్పాడు.

"మంచిదే," అంది దమయంతి. "మాటలు మర్చిపోతరని నాకు రంది లేదు."