కాళ్ళు చూస్తేగానీ చెప్పలేను

ఏసుపాదం మేస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే, ఒక పక్షి కాళ్ళు చూడటం. మలికిపురంలో ముప్ఫై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరైన మనిషికి ఇంతకంటే పనేముంటుందిలే అని చుట్టుపక్కల వాళ్ళు అనుకునేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. చలికాలం వస్తే, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పెద్ద పెద్ద సముద్రపు కాకులు దిగుతాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి వీపు, పసుపు ముక్కు. ఏది ఏ జాతో చెప్పాలంటే ముందు వీపు ఎంత నలుపో చూడాలి. ఆ నలుపేమో ఎండను బట్టి మారిపోతుంది. అందుకని చివరికి కాళ్ళే దిక్కు. పసుపు కాళ్ళవి మేస్టారు వందలు చూశారు. గులాబీ కాళ్ళది ఒక్కటైనా చూడాలని మూడేళ్ళుగా కాచుకుని ఉన్నారు.

ఆ రోజు ఒకటి కనిపించింది. వీపు మిగతావాటికన్నా చిక్కటి నలుపు. కానీ కాళ్ళు మునిగేలా నీళ్ళలో నిలబడింది. మేస్టారు టెలిస్కోపులో కన్ను పెట్టి గంటసేపు చూశారు. అది గంటసేపూ నీళ్ళలోనే ఉంది. ఆ తర్వాత కాళ్ళ రంగు తెలియకుండా ఎండకు ఎదురుగా లేచి, గట్టు మీద సరుగుడు తోపు పక్కన జనం మధ్యలోకి వెళ్ళి వాలింది.

అక్కడ ఏడుకొండలు పదో రోజు కర్మ జరుగుతోంది. ఏడుకొండలు పడవ మీద వేటకు వెళ్ళే మనిషి. చనిపోయిన రోజు పొద్దున్న ఏదో చిన్న మాట మీద భార్య సూర్యావతితో గొడవపడ్డాడు. "తింటే తినండి, లేకపోతే మానెయ్యండి" అని ఆవిడ కంచం పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. అతను తినకుండా పడవెక్కాడు. మధ్యాహ్నం నడి నీళ్ళలో గుండె ఆగిపోయింది. మనిషిని ఇంటికి తెచ్చేసరికి ఆ కంచం పెట్టినచోటే ఉంది.

ఇప్పుడు ఆవిడ వండిన అన్నమే మూడు పిండాలు చేసి ఆకులో పెట్టి రెండు గంటలైంది. ఒక్క కాకీ ముట్టలేదు. కాకి ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కొరత మిగిలిందని లెక్క. అందుకని తమ్ముడు కొండబాబు చేతులు జోడించి, పడవ ఇంజను బాగుచేయిస్తానన్నాడు. వదినను తల్లిలా చూసుకుంటానన్నాడు. చివరికి తాగుడు మానేస్తానని కూడా అన్నాడు. ఆ మాట నమ్మలేకో ఏమో, కాకులు ఇంకో నాలుగు చెట్ల అవతలికి వెళ్ళిపోయాయి. జనం ఒక్కొక్కరే సూర్యావతి వైపు చూడటం మొదలుపెట్టారు. ఆవిడకు కారణం తెలుసు. ఆకలితో పంపించిన చేతి అన్నం ఇప్పుడు మాత్రం ఎందుకు ముడతాడు అనుకుంటూ తల దించుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఆ పక్షి పిండాల పక్కన వాలింది. కొండబాబు తోలడానికి తువ్వాలు ఎత్తాడు.

"తోలకండి బాబూ, తోలకండి. దాన్ని నేను చూడాలి" అంటూ మేస్టారు టెలిస్కోపు భుజాన వేసుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చారు. పెద్దాయన, చదువుకున్నాయన, అంతలా అరుస్తున్నాడంటే ఏదో శాస్త్రం ఉండే ఉంటుందని కొండబాబు తువ్వాలు దించేశాడు. ఈలోగా పక్షి మూడు పిండాలూ మింగేసి, పొట్ట ఇసుకకు ఆన్చి కూర్చుంది. కాళ్ళు మళ్ళీ కనబడకుండా పోయాయి.

"ఏంటండి మేస్టారూ అది?" పాలెం పెద్ద బుచ్చిరాజు అడిగాడు.

"సముద్రపు కాకండి."

"కాకేనాండి?"

"ఆయ్, అలాగే అంటారండి."

కాకేనట, కాకేనట అని మాట వెనక వరస దాకా పాకింది. ఆడవాళ్ళు మళ్ళీ ఏడుపు అందుకున్నారు, ఈసారి కాస్త తేలికపడి. మేస్టారు అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆయనకు ఊరుకోవడం రాదు.

"అయితే ఏ జాతన్నది కాళ్ళు చూస్తేగానీ చెప్పలేనండి. మీరు కొంచెం పక్కకి జరుగుతారా?"

"జాతేంటండి? మన జాతి కాదా?"

"మనది కాదండి. ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల నుంచి వచ్చింది."

బుచ్చిరాజు మొహం మాడిపోయింది. "అంటే మనోడు కాదన్నమాట. ఎవడో పైదేశపోడు దారిన పోతా మనోడి పిండం తినీసేడు."

ఆ మాట వెనక వరసకు చేరేసరికి ఏడుకొండలు ఆకలితో దిక్కు తెలియక తిరుగుతున్నాడన్నంత దాకా వెళ్ళింది. కొండబాబు మళ్ళీ అన్నం వండించమని కేకేశాడు. అంతలో రెండో పక్షి వచ్చి మొదటిదాని పక్కన వాలింది. జనం కళ్ళకు రెండూ అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. తిన్నది ఇదా, అదా అని తగువు మొదలైంది.

"చూడండి, దీనిది బూడిదరంగు వీపు. తిన్నదాని వీపు నలుపండి" అన్నారు మేస్టారు, సాయం చేస్తున్నాననుకుని.

"మా అన్నయ్య వీపు కూడా నలుపేనండి" అన్నాడు కొండబాబు. అని, ఇసుకలో కూలబడి ఏడ్చాడు. సగం మంది అతన్ని ఓదార్చారు. మిగతా సగం బూడిదరంగే నయమని వాదించారు.

సూర్యావతి లేచి మేస్టారి ముందుకొచ్చింది. "మేస్టారూ, అది కాకేనాండి?"

అందరూ మేస్టారి వైపు తిరిగారు. పసుపు, గులాబీ, బూడిద, నలుపు, అన్నీ మేస్టారి నాలుక చివర ఉన్నాయి. పక్షి పేరులో ఒక్క అక్షరం తప్పినా పిల్లలకు మార్కు కోసిన మనిషి ఆయన. ఆవిడ మొహం చూశారు.

"కాకేనమ్మా. మీవారే. కడుపు నిండా తిన్నారు."

ఆయన ఆ మాట అంటుండగా నల్లవీపు పక్షి లేచి, తడి ఇసుక మీద నాలుగడుగులు నడిచి ఎగిరిపోయింది. మేస్టారు వెనక్కి తిరిగేసరికి అలల మీద ఒక చుక్క మిగిలింది. మూడేళ్ళ ఎదురుచూపు అలా పోయింది. ఆయనకు బాధేసింది, అబద్ధం ఆడినందుకు మాత్రం కాదు.

జనం స్నానాలకు కదిలారు. సూర్యావతి ఒక్కతే ఆగింది.

"గులాబీరంగండి."

"ఏంటమ్మా?"

"దాని కాళ్ళండి. పసుపు కాళ్ళవి దసరా ఎల్లగానే మందలు మందలు దిగుతాయండి. ఈ రంగువి ఎప్పుడో గానీ రావు. ఇరవై ఏళ్ళుగా ఎండుచేపల మీంచి తోలుతున్నానండి, నాకు తెలీదా?"

మేస్టారు టెలిస్కోపు ఇసుకలో దించారు. "మరి కాకి కాదని నీకు..."

"తెలుసండి. మీరు నాకోసం అబద్ధం ఆడేరనీ తెలుసండి." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏదోటి తిన్నాది కదండి. ఆ రోజు కంచంలో అన్నం ఎవరికీ పెట్టలేపోయేనండి. కుక్కకి పెడదావన్నా చెయ్యి రాలేదు. ఇయ్యాల నా చేత్తో వండింది ఒక పేణం కడుపు నిండా తిన్నాది. నాకది చాలండి."

మేస్టారు ఏడ్చారు. ఆవిడా ఏడ్చింది.

అప్పుడు సరుగుడు తోపులోంచి ముప్ఫై కాకులు దిగి, ఖాళీ ఆకు చుట్టూ చేరి గోల పెట్టాయి. అవి ఏ జాతివని ఎవరూ అడగలేదు.