బాత్రూంలో విచారణ

కరెంటు తీగల మరమ్మతు ఉందని ఆ పొద్దున సిరిసిల్లలోని ఆ నేతవాడకు సరఫరా ఆపేశారు. మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. పని లేదు కాబట్టి అంబదాస్ ఒక నిర్ణయానికి వచ్చాడు. చాయ తాగేలోపు తన కోపం సంగతి తేల్చెయ్యాలి.

ఉపాయం కూతురు తిరుమలది. కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతున్న ఆ పిల్ల మొన్న ఫోన్‌లో చెప్పింది. "బాపూ, కోపమొస్తే ఎదుటోళ్ల మీద పడకు. నిన్ను నువ్వే అడుగు. మెల్లగ అడుగు. జవాబు లోపల్నుంచే వస్తది." అంబదాస్‌కు అది తేలికైన పనిలా తోచింది. వేల పోగుల్లో తెగినదాన్ని చిటికెలో పట్టుకునేవాడికి ఒక్క మనసును వెతకడం ఎంతసేపు?

బాత్రూంలో గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడి, మెల్లగానే మొదలుపెట్టాడు. కాకపోతే అది ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో అరిచి అరిచి రాటుదేలిన గొంతు. అతని గుసగుస ఇతరుల కేకతో సమానం. మగ్గాలు నడుస్తుంటే ఎవరికీ వినిపించేది కాదు. ఆ రోజు వాడంతా నిశ్శబ్దంగా ఉంది.

"నిజం చెప్పు. లోపల ఏం దాసిపెట్టినవ్? ఇయ్యాల నిన్ను ఇడిసేది లేదు."

బయట బట్టలు ఆరేస్తున్న భార్య రోజారాణి చెయ్యి ఆగిపోయింది. ఆయన ఫోన్ గూట్లోనే ఉంది. అంటే లోపల ఇంకో మనిషి ఉన్నాడు.

"నా ఇంట్ల ఉండుకుంట నన్నే తింటున్నవ్ గద" అని వినిపించింది మళ్లీ.

రోజారాణి పక్కింటికి పరుగెత్తింది. "శంకరవ్వా, జర రా. మా ఆయన బాత్రూంల దొంగను పట్టుకుండు."

శంకరవ్వ సాయం పిలవడానికి బయల్దేరింది. గేటు దాటేసరికి దొంగలు ఇద్దరయ్యారు. మలుపు తిరిగేసరికి వాళ్ల చేతికి కత్తులొచ్చాయి. ఆ కబురు కొండల్ ఇంటికి చేరేసరికి అంబదాస్ గొంతు మీద కత్తి ఉంది.

కొండల్ అంబదాస్‌కు సొంత అన్న. అంబదాస్ బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భివండి పోయినప్పుడు తండ్రి చనిపోయాడు. ఇతను వచ్చేసరికి దహనం అయిపోయింది. ఆ నాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అయినా కత్తి మాట చెవిన పడగానే కొండల్ చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా కట్టె పట్టుకుని ఉరికాడు. ఏళ్లుగా తొక్కని తమ్ముడి గడప దాటి, వెనకొచ్చిన జనాన్ని చేత్తోనే ఊరుకోబెట్టి, బాత్రూం తలుపుకు చెవి ఆనించాడు.

లోపల అంబదాస్ అసలు ప్రశ్నకు చేరుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు. అంటే ఇప్పుడు సగం వాడకే వినిపిస్తోంది.

"బాపు పోయిననాడు అన్న నీ కోసం ఎందుకు ఆగలే? ఆఖరి సూపు గూడ దక్కనియ్యలే. గదే గద నీ నొప్పి?"

కొండల్ చేతిలోని కట్టె కిందికి దిగింది. తలుపు దగ్గర నోరు పెట్టి అన్నాడు. "ఆగిన. ఎండలు మండుతున్నయ్. నీ బస్సు నడుమల చెడిపోయె. పెద్దమనుషులు తిట్టినా పొద్దుగూకేదాంక పాడె ఎత్తనియ్యలే."

అంబదాస్ ఉలిక్కిపడలేదు. జవాబు లోపల్నుంచే వస్తుందని కూతురు చెప్పనే చెప్పింది. ఇంత తొందరగా, అందులోనూ అన్న గొంతుతో వస్తుందని మాత్రం అనుకోలేదు. తన మనసు ఇంత బాగా పనిచేస్తున్నందుకు కొంచెం గర్వం కూడా కలిగింది.

"మరి గీ ముచ్చట ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితే గద."

అంబదాస్ ఆలోచించాడు. నిజమే. తిట్టాడు, పెళ్లిళ్లలో ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు, అడగడం మాత్రం ఎన్నడూ అడగలేదు. అద్దంలో తన కళ్లు తడిగా కనిపించాయి. నీళ్లు చల్లుకుని ఆఖరి ప్రశ్న వేశాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"తలుపు తియ్యి. వాకిట్ల సగం వాడ నిలవడ్డది."

వాకిట్లో ఎవరున్నారో మనసుకెలా తెలుస్తుందన్న అనుమానం అతనికి అప్పుడొచ్చింది. తలుపు తీశాడు. ఎదురుగా కట్టెతో అన్న, ఆ వెనక రొట్టెల కర్రతో భార్య, ఆ వెనక జనం. కొండల్ తమ్ముడి భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు.

"దొంగ ఏడి?" అన్నాడు.

"ఏ దొంగ, అన్నా?"

ఆ పిలుపు విన్నాక కొండల్ ఇంకేమీ అడగలేదు. కట్టెను గోడకు ఆనించి మంచం మీద కూర్చున్నాడు. రోజారాణి పొయ్యి వెలిగించింది.

జనం వెళ్లిపోయాక, పై వీధి బాలమల్లు చేంతాడు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "దొరికిండా వదినె?"

మంచం మీద అన్న పక్కన ఒదిగి కూర్చున్న మొగుణ్ని రోజారాణి ఒకసారి చూసింది.

"దొరికిండు. చాయ తాగుతుండు."